వాళ్ళ కోర్టు, వాళ్ళ బంతి: కాలేజీ జట్టు ఏ బాస్కెట్‌బాల్ కొనుక్కోవాలి?

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తెల్లారగట్ల బస్సెక్కి, పదకొండు గంటలకల్లా విశాఖపట్నంలో ఎవరిదో కోర్టు మీద దిగే కాలేజీ జట్టుకి మొదటి క్వార్టర్ ఎలా గడుస్తుందో ఈ ఆట ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సొంత మైదానంలో అలవోకగా పడే షాట్లు రింగు ముందంచుకి కొట్టుకుని కింద పడతాయి. రింగు దగ్గరికి పరుగెత్తి బోర్డుకి తగిలించి వేసే లేఅప్ రింగు దాటి అవతలకి దూకుతుంది. బెంచీ మీద అప్పుడు వినబడే మాటలు రెండే. ఒకటి, జనం అరుపులకి బెదిరారు. రెండోది, ఇవాళ చెయ్యి కలిసి రాలేదు. బంతి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఆట మొత్తంలో ప్రతి ఆటగాడి చేతిలోకీ వచ్చే వస్తువు బంతి ఒక్కటే, బయటి మ్యాచ్‌లో అది మనది కాదు. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల ప్రకారం ఆతిథ్య జట్టు కనీసం రెండు వాడిన బంతులు ఇవ్వాలి, అందులో ఒకదాన్ని రిఫరీ ఎంచుకుంటాడు. రెండూ పనికిరావనుకుంటే అక్కడున్న వాటిలో మెరుగైనది తీసుకోవచ్చు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఇది మరీ స్పష్టం. రెగ్యులర్ సీజన్‌లో ఆతిథ్య జట్టు ఒప్పందం ఏ కంపెనీతో ఉంటే ఆ బంతితోనే ఆట, అందుకే అక్కడి జట్లు బయటి మ్యాచ్‌కి ముందు ఆతిథ్య జట్టు వాడే బంతి తెప్పించుకుని ప్రాక్టీస్ చేస్తాయి. మార్చిలో జరిగే ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ క్రీడల సంఘం) టోర్నమెంట్‌కి వచ్చేసరికి అందరికీ విల్సన్ బంతే. మన దగ్గర మాత్రం పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారి గదిలో ఆరు బంతులుంటే ఆరూ ఒకే రకం. బేరం చేసి ఒకేసారి కొంటారు కాబట్టి డబ్బు ఆదా అవుతుంది. ఆటగాళ్ళ వేళ్ళు ఆ ఒక్క బంతికే అలవాటుపడిపోతాయి.

ఆరు బంతులు ఒకే రకం కొనడం తప్పు అనేదే ఈ సమీక్షలో అసలు మాట. ఏ రకం మంచిదో తర్వాత చూద్దాం, ముందు వేర్వేరు రకాలు ఉండాలి.

బంతి మార్పుకి అంత శక్తి ఉందా అని అనుమానం వస్తే 2006 గుర్తు చేసుకోండి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ఆ సీజన్‌కి తోలు బంతి తీసేసి సింథటిక్ బంతి తెచ్చింది. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్ళు వేళ్ళు కోసుకుపోతున్నాయని, చెమట తగిలితే జారుతోందని గొడవ పెట్టారు. 2007 జనవరి 1 నుంచి మళ్ళీ తోలు బంతికే వెళ్ళిపోయారు. రోజూ గంటల తరబడి సాధన చేసేవాళ్ళకే అలా ఉంటే, క్లాసులయ్యాక సాయంత్రం గంటన్నర ఆడే కుర్రాడి సంగతి ఏం చెప్పాలి.

అయితే బయట షాట్లు పడకపోవడానికి కారణం ప్రతిసారీ బంతే కాదు. తేల్చుకోవడానికి తేలిక మార్గం ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ జరిగాక గీత దగ్గర నిలబడి వేసే షాట్లు. ఫ్రీ త్రో దగ్గర డిఫెండర్ ఉండడు, దూరం మారదు, పాస్ బాగా వచ్చిందా లేదా అన్న ప్రశ్న ఉండదు. బయటి మ్యాచ్‌ల్లో ఫ్రీ త్రో శాతం సొంత కోర్టులో లాగే ఉండి, ఆడుతూ వేసిన షాట్ల శాతమే పడిపోతే తప్పు షాట్ ఎంపికది. వేయకూడని షాట్లు వేస్తున్నారన్నమాట. రెండూ కలిసి పడిపోతే మాత్రం బంతినీ, రింగునీ, ప్రయాణంలో బిగుసుకుపోయిన కాళ్ళనీ అనుమానించాలి. జనం అరుపుల్ని నిందించే ముందు ఈ లెక్క చూడండి. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర సిరిమాను చూడ్డానికి వచ్చినంత జనం చేరి అరిచినా ఫ్రీ త్రో గీతకీ బోర్డుకీ మధ్య దూరం 4.60 మీటర్లే.

ఇక బంతులు.

రబ్బరు బంతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సిమెంటు కోర్టుల మీద కనబడేది ఎక్కువగా ఇదే. నివియా, కాస్కో వంటి కంపెనీల రబ్బరు బంతులు సుమారుగా రూ.500 నుంచి రూ.1,000 లోపు వస్తాయి. సిమెంటుని, ఎండని, ఇసుకని ఓర్చుకునేది ఇదొక్కటే. కొత్తలో పైన ఉండే చిన్న చిన్న బుడిపెలు చేతికి గట్టిగా తగులుతాయి, పట్టు బాగుంటుంది. రోజూ ఆడే కోర్టు మీద కొన్ని నెలలకి ఆ బుడిపెలు అరిగిపోయి బంతి నున్నగా తయారవుతుంది. అసలు ఇబ్బంది అక్కడ మొదలవుతుంది.

నున్నటి బంతి చేతిలోంచి జారుతుందనే భయంతో ఆటగాడు తెలియకుండానే అరచేతితో పట్టుకుంటాడు. వేళ్ళ కొసల మీద ఉండాల్సిన బంతి అరచేతిలోకి దిగేసరికి వెనక్కి తిరిగే స్పిన్ తగ్గుతుంది, షాట్ చదునుగా వెళ్తుంది. చదును షాట్‌కి ఏమవుతుందో లెక్క వేసి చూడొచ్చు. రింగు లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు, 7వ సైజు బంతి వ్యాసం దాదాపు 24. పైనుంచి 45 డిగ్రీల వాలుతో దిగే బంతికి రింగు 32 సెంటీమీటర్ల వెడల్పుగా కనిపిస్తుంది. 35 డిగ్రీలకి వస్తే 26కి కుదించుకుపోతుంది. 32 డిగ్రీల దగ్గర బంతి పట్టేంత సందు మాత్రమే మిగులుతుంది. పది డిగ్రీలు చదునైతే తప్పుకి ఉన్న వెసులుబాటు 8 సెంటీమీటర్ల నుంచి 2కి పడిపోతుందన్నమాట. త్రీ పాయింటర్ (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) ముందంచుకి కొట్టుకోవడం వెనక కథ చాలాసార్లు ఇదే.

అందుకని అరిగిపోయిన బంతిని పారేయకండి. చాలామంది పారేస్తారు, లేదా ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకి కాళ్ళతో తన్నుకోమని ఇచ్చేస్తారు. బయట ఎదురయ్యే బంతి ఎలా ఉంటుందో నేర్పే పరికరం అది. వారానికి ఒక సాయంత్రం మొత్తం ప్రాక్టీస్ దాంతోనే చేయించండి. మార్కులు: సిమెంటు కోర్టుకి 5కి 4, ఇండోర్ హాలుకి 2.

కాంపోజిట్ బంతి

పైన మైక్రోఫైబర్ పొర, లోపల దారం చుట్టిన బ్లాడర్ (గాలి తిత్తి). ధర సుమారుగా రూ.2,000 నుంచి మొదలవుతుంది. మోల్టెన్ బీజీ4500 లాంటివి ఈ వర్గంలోవే. మోల్టెన్ 1982 నుంచి ఫీబా అధికారిక బంతి కంపెనీ, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ నుంచి ఆ కంపెనీ బంతికి మామూలు 8 ముక్కల బదులు 12 ముక్కలు ఉంటున్నాయి. ముక్కలు పెరిగితే గాడులు కూడా పెరుగుతాయి, వేళ్ళు గాడి మీద పడే అవకాశమూ పెరుగుతుంది. 8 ముక్కల రబ్బరు బంతికి అలవాటుపడ్డ చేతికి మొదటి పది నిమిషాలు గాడి ఎక్కడుందో అర్థం కాదు. మంచి టోర్నమెంట్లలో, చెక్క నేల ఉన్న ఇండోర్ హాళ్ళలో ఎదురయ్యేది ఎక్కువగా ఈ రకమే కాబట్టి జోనల్ స్థాయికి వెళ్ళే జట్టు దీన్ని ముందే ముట్టుకుని ఉండాలి.

మెత్తగా ఉంటుంది, రింగు మీద పడ్డాక ఒకటి రెండు సార్లు తడబడి లోపలికి జారే గుణం ఉంటుంది. కానీ సిమెంటు మీద ఆడించారా, సీజన్ కూడా నిలవదు. ధూళి ఆ మైక్రోఫైబర్ పొరలోకి దిగి పట్టు పోతుంది, తర్వాత పొర చిట్లుతుంది. కాబట్టి దీన్ని బయట డ్రిబుల్ చేయనివ్వకండి. షాట్లకి మాత్రమే వాడి, రింగు కింద ఒకణ్ణి నిలబెట్టి నేల తాకకుండా పట్టించండి. ఆడాక తడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. సబ్బు, పెట్రోలు, శానిటైజర్ జోలికి వెళ్ళొద్దు. మార్కులు: ఇండోర్‌కి 5కి నాలుగున్నర, సిమెంటుకి 1. ఆ ఒక్కటి కూడా షాట్ల ప్రాక్టీస్‌కి పనికొస్తుంది కాబట్టే.

అసలు తోలు బంతి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కొత్తలో జారుతుంది, మెత్తబడ్డానికి వారాల ఆట కావాలి, చెక్క నేల తప్ప ఇంకెక్కడా పనికిరాదు, ఇక్కడి కాలేజీ జట్లకి ఎదురయ్యే అవకాశం తక్కువ. ఆ డబ్బుతో రెండు కాంపోజిట్లు కొనండి.

అమ్మాయిల జట్టుకి 6వ సైజు

దీని గురించి కోపంగానే రాయాలి. అమ్మాయిల మ్యాచ్ 6వ సైజు బంతితో ఆడాలి. చుట్టుకొలత 71.5 నుంచి 73 సెంటీమీటర్లు, బరువు 510 నుంచి 550 గ్రాములు. అబ్బాయిల 7వ సైజు 75 నుంచి 77 సెంటీమీటర్లు, 580 నుంచి 620 గ్రాములు. అంటే అబ్బాయిల బంతి 30 నుంచి 110 గ్రాముల దాకా ఎక్కువ బరువు. చాలా కాలేజీల్లో ఉన్న బంతులన్నీ 7వ సైజువే, అమ్మాయిలు కూడా వాటితోనే సాధన చేసి, మ్యాచ్ రోజున మొదటిసారి 6వ సైజు పట్టుకుంటారు. బరువు బంతికి అలవాటుపడ్డ బలంతో తేలిక బంతి విసిరితే షాట్లన్నీ వెనకంచుకి తగులుతాయి. తల్లో లెక్క సరిచేసుకునేసరికి మొదటి సగం అయిపోతుంది. దుకాణాల్లో అడక్కుండా ఇచ్చేది 7వ సైజే, 6 కావాలని నోరు తెరిచి అడగాలి. బంతి మీద అంకె వేసి ఉంటుంది, చూసి తీసుకోండి.

కొనే ముందు దుకాణంలోనే

బంతిని రెండు చేతులతో వెనక్కి తిప్పి ఒక అడుగు పైకి ఎగరేయండి. గాడులు సమంగా తిరిగితే బంతి గుండ్రంగా ఉన్నట్టు. ఊగిసలాడితే లోపల బ్లాడర్ ఒక పక్కకి ఉంది, షాట్ గాల్లో వంకర తిరుగుతుంది. టైలరు టేపుతో చుట్టుకొలత కొలవండి, ఒక్కసారి కాదు, గాడుల వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి. రెండు కొలతల మధ్య సెంటీమీటరు తేడా వస్తే పక్కన పెట్టేయండి. పక్కనున్న కిరాణా కొట్లో తూకం వేయించుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. వాల్వ్ మీద ఒక బొట్టు సబ్బునీళ్ళు వేసి నిమిషం చూడండి, బుడగ లేస్తే అది రేపటికి సగం గాలితో ఉంటుంది.

గాలి

బంతి ఖరీదు కంటే దాని గాలి ముఖ్యం, చెప్పుకోవడానికి ఇదే పెద్ద అంశం. వాల్వ్ పక్కన 7 నుంచి 9 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అనో, దానికి దగ్గరగానో అచ్చు వేసి ఉంటుంది. సైకిల్ షాపులో కొట్టించిన గాలికి గేజ్ ఉండదు, బొటనవేలితో నొక్కి చూసి సరిపోయిందంటారు. చిన్న గేజ్ కొనుక్కోండి, అంత ఖర్చేం కాదు. గేజ్ లేనప్పుడు పద్ధతి ఇదీ: బంతి అడుగుభాగం నేలకి 1.8 మీటర్ల ఎత్తులో ఉండేలా పట్టుకుని వదిలేయాలి, విసరకూడదు. తిరిగి లేచినప్పుడు బంతి పైభాగం 1.2 మీటర్లకీ 1.4 మీటర్లకీ మధ్య రావాలి. గోడ మీద సుద్దముక్కతో మూడు గీతలు గీసుకుంటే చాలు. ఇది కూడా గట్టి నేల మీదే చేయాలి, మట్టి మీద చేసి గాలి చాల్లేదనుకోవడం పొరపాటు.

ఎండలో ఏమవుతుందో చూడండి. పొద్దున 25 డిగ్రీల దగ్గర 8 పీఎస్ఐ కొట్టారనుకుందాం. మధ్యాహ్నం బస్సు డిక్కీలోనో, కోర్టు పక్కన ఎండలోనో బంతి లోపలి గాలి 45 డిగ్రీలకి చేరితే అదే గాలి 9.5 పీఎస్ఐ దాకా వెళ్తుంది. ఎవరూ పంపు కొట్టలేదు, అయినా బంతి గీత దాటింది. “ఏటిది, రాయిలాగుంది” అని ఆటగాడు అన్నాడంటే అతను చెప్పేది నిజమే. రాయిలాంటి బంతి బోర్డు మీద నుంచి వేగంగా తిరిగొస్తుంది. మన కోర్టుల్లో రింగులు చాలావరకు ఇనుప పట్టీకి వెల్డింగ్ చేసినవి, స్ప్రింగు ఉండదు, అవి దెబ్బని మింగుకోవు. గట్టి బంతి, గట్టి రింగు కలిస్తే తప్పిన షాట్ ఫ్రీ త్రో గీత దాకా ఎగిరిపోతుంది. అలాంటి రోజు రీబౌండ్ (తప్పి వెనక్కొచ్చే బంతి) కోసం నలుగురూ రింగు కింద గుమిగూడితే లాభం లేదు. ఒక గార్డ్ (రింగుకి దూరంగా ఆడే ఆటగాడు) ఫ్రీ త్రో గీత దగ్గర కాచుకుని ఉండాలి, పొడవైన రీబౌండ్లు అతనికే దొరుకుతాయి. వార్మప్‌లో బంతి పట్టుకోగానే కెప్టెన్ ఒకసారి వదిలి చూసి, మరీ ఎక్కువ ఎగిరితే రిఫరీకి మర్యాదగా చెప్పొచ్చు. ఆట మొదలవకముందే చెప్పాలి. పది పాయింట్లు వెనకబడ్డాక చెబితే సాకులా వినబడుతుంది.

బంతిని బట్టి షాట్

మంచి బంతులు కొని, గాలి సరిచూసి, మ్యాచ్‌లో మాత్రం ఎప్పటిలా మొదటి పాస్‌కే త్రీ వేస్తే ఏం ప్రయోజనం? బయటి కోర్టులో మొదటి ఐదారు నిమిషాలు షాట్ల క్రమం వేరుగా ఉండాలి. ముందు లేఅప్‌లు, అది కూడా వీలైనంత బోర్డుకి తగిలించకుండా రింగు మీదుగా. ఎందుకంటే ఆ బోర్డు ప్లైవుడ్డో, ఫైబరో, గాజో, దాని మీద బంతి ఎలా తిరిగొస్తుందో ఇంకా తెలియదు. తర్వాత రింగులోకి దూసుకెళ్ళి ఫౌల్ తెచ్చుకోవడం. ఒక క్వార్టర్‌లో ఎదుటి జట్టు నాలుగు టీమ్ ఫౌల్స్ దాటితే ఐదో దాని నుంచి రెండేసి ఫ్రీ త్రోలు వస్తాయి. అదే జట్టుకి కొత్త బంతితో ఎవరూ అడ్డురాకుండా దొరికే ప్రాక్టీస్ కూడా. రింగు లోతు, బంతి బరువు ఫ్రీ త్రో దగ్గర చేతికి తెలిశాకే జంప్ షాట్లు, అంటే దూరం నుంచి ఎగిరి వేసేవి.

అంకెల్లో చెప్పాలంటే ఉదాహరణకి ఒక జట్టు బయటి మ్యాచ్‌లో 60 షాట్లు వేసిందనుకుందాం. రింగు దగ్గర 20, అందులో 55 శాతం పడితే షాట్‌కి 1.1 పాయింటు. త్రీలు 20, 25 శాతం పడితే షాట్‌కి 0.75. ఈ రెండిటి మధ్య దూరం నుంచి రెండు పాయింట్ల జంప్ షాట్లు 20, 35 శాతం పడితే షాట్‌కి 0.70. అన్నిటికన్నా నష్టం ఈ మూడోదే, కానీ అదే ఎక్కువ కనబడుతుంది, డిఫెండర్ దారి మూసేయగానే డ్రిబుల్ ఆపి అక్కడే ఎగిరి వేసేస్తారు కాబట్టి. వాటిలో ఎనిమిదిని రింగు దగ్గరి షాట్లుగా మార్చగలిగితే మ్యాచ్‌కి మూడు పాయింట్లు పైగా కలిసొస్తాయి. బయట ఓడిపోయే మ్యాచ్‌ల్లో తేడా అంతే ఉంటుంది చాలాసార్లు. ఫ్రీ త్రోలు 60 శాతం వేసే ఆటగాడికి కూడా రెండు ఫ్రీ త్రోలంటే 1.2 పాయింట్లు.

శాతం లెక్కేసేటప్పుడు మామూలు శాతం కాకుండా ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం చూడాలి. పడిన షాట్లకి, పడిన త్రీల్లో సగం కలిపి, వేసిన షాట్లతో భాగించాలి. 60కి 22 పడి, అందులో 4 త్రీలైతే 22కి 2 కలిపి 24, అంటే 40 శాతం. త్రీలు 33 శాతం వేసేవాడు, రెండు పాయింట్ల షాట్లు 50 శాతం వేసేవాడు ఈ లెక్కలో సమానం. అందుకని త్రీలు మానేయమని కాదు. ఎవరు, ఎక్కడి నుంచి, ఎప్పుడు వేయాలన్నదే ప్రశ్న. పాస్ అందుకుని కాళ్ళు కుదిరి వేసే మూల త్రీ మంచిది, అక్కడ గీత 6.60 మీటర్లే, మిగతా చోట 6.75. డ్రిబుల్ చేస్తూ ఆగి వేసే త్రీ అపరిచితమైన బంతితో జూదమే.

ఆ గీతల్ని కూడా నమ్మొద్దు. 2010కి ముందు ఫీబా త్రీ పాయింట్ గీత 6.25 మీటర్లు, రింగు ముందు నేల మీద గీసే పెట్టె ట్రెపిజియం ఆకారంలో ఉండేది. ఆ పాత గీతల మీదే రంగులు వేసుకుంటూ వస్తున్న కోర్టుల్లో సాధన చేసిన జట్టు కొత్త గీతల కోర్టుకి వెళ్తే అర మీటరు తేడా వస్తుంది, షాట్లు ముందే పడతాయి. మీ కోర్టు కొలుచుకోండి. బేస్‌లైన్ (రింగు వెనక ఉండే కోర్టు చివరి గీత) లోపలి అంచు నుంచి 1.575 మీటర్ల దగ్గర రింగు మధ్యబిందువు, అక్కడి నుంచి టేపు 6.75 దాకా లాగి సుద్దతో గీత గీయండి. అమెరికా కాలేజీ అబ్బాయిలు కూడా 2019–20 సీజన్ నుంచి ఈ దూరానికే మారారు, అమ్మాయిలు 2021–22 నుంచి. అక్కడి వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళు ఒకటి గమనించాలి: వాళ్ళ షాట్ క్లాక్ (బంతి చేతికొచ్చాక షాట్ వేయాల్సిన గడువు) 30 సెకన్లు, మనది 24, దాడిలో రీబౌండ్ దొరికితే 14. వాళ్ళు ఐదో పాస్‌కి వేసే షాట్ కోసం మనవాళ్ళు ఎదురు చూస్తే గడువు అయిపోతుంది.

లెక్క రాసుకునేవాళ్ళకి

బెంచీ మీద ఒక అదనపు ఆటగాడికి పాత నోటుబుక్ ఇచ్చి ప్రతి షాట్‌కీ ఆరు విషయాలు రాయించండి: ఎవరు, ఎక్కడి నుంచి, డిఫెండర్ చెయ్యెత్తాడా లేదా, పాస్ మీదా డ్రిబుల్ మీదా, పడిందా, తప్పితే ముందంచుకా వెనకంచుకా. చివరిది ఎవరూ రాయరు, అన్నిటికన్నా అదే ఉపయోగం. ముందంచుకే వరసగా తగులుతుంటే కాళ్ళు అలిసిపోయాయి, లేదా బంతి బరువుగానో, జారుడుగానో ఉంది. వెనకంచుకైతే బంతి తేలిక, లేదా కంగారు. ఫోన్ యాప్‌లు ఉన్నాయి గానీ వాటిలో చాలావాటికి ఆ చివరి గడి ఉండదు, మధ్యాహ్నం ఎండలో స్క్రీను కనబడదు కూడా. పేజీ మీద మాత్రం ఏ బంతితో ఆడారో, రకం, కొత్తదా అరిగిందా, పైన రాసిపెట్టుకోండి.

ఒక్క మ్యాచ్ చూసి ఎవర్నీ తీసేయకండి. 35 శాతం వేసే ఆటగాడు 20 షాట్లు వేస్తే కేవలం అదృష్టం వల్లే పది, పదకొండు శాతం అటూ ఇటూ ఊగుతాడు. వంద షాట్లు జమయ్యాక ఆ ఊగు ఐదు శాతానికి తగ్గుతుంది. సొంత మ్యాచ్‌లకీ, బయటి మ్యాచ్‌లకీ విడివిడిగా వంద దాటాక మాట్లాడుకుందాం.

ఎంత కొనాలి

పన్నెండు మంది జట్టుకి పన్నెండు వేల రూపాయలున్నాయనుకుంటే కొనేది ఇలా ఉండాలి. కొత్త రబ్బరు బంతులు నాలుగు, వేర్వేరు కంపెనీలవి రెండేసి. కాంపోజిట్ బంతులు రెండు, వీలైతే ఒకటి 8 ముక్కలది, ఒకటి 12 ముక్కలది. అమ్మాయిల జట్టు ఉంటే ఈ ఆరులో సగం 6వ సైజు. ఎప్పటివో అరిగిన రబ్బరు బంతులు రెండు ఎలాగూ గదిలో మూలన ఉంటాయి. మిగిలిన డబ్బుకి గేజ్, పంపు, సూదులు. విశాఖపట్నంలోనో, ఆన్‌లైన్‌లోనో తెప్పించుకునే కాంపోజిట్ బంతి గాలి తీసేసి వస్తుంది, వచ్చిన రోజే పూర్తిగా గాలి కొట్టకుండా ముందు సగం కొట్టి ఒక రాత్రి ఉంచండి, మర్నాడు పూర్తి చేయండి.

ప్రాక్టీస్‌లో బంతుల్ని కలిపేయాలి. ఐదు నిమిషాలకోసారి పీడీ గారు విజిల్ వేసి బంతి మార్చేస్తే చాలు. కొత్త రబ్బరు, అరిగిన రబ్బరు, కాంపోజిట్, మళ్ళీ అరిగిన రబ్బరు. మొదట్లో ఆటగాళ్ళు గొణుగుతారు, శాతాలు పడిపోతాయి. పడిపోనివ్వండి. బయటి మ్యాచ్‌కి ముందు రెండు రోజులు మాత్రం, ఆతిథ్య కాలేజీ ఏ రకం వాడుతుందో ఫోన్ చేసి కనుక్కుని, అదే రకంతో ఆడించండి. అడిగితే చెప్పని పీడీ ఎవరూ ఉండరు.

సంచిలో సూదులు రెండు వేసుకోండి, ఒకటి తప్పకుండా విరుగుతుంది. గుచ్చే ముందు సూదిని నీళ్ళతో తడపాలి, పొడి సూది వాల్వ్ రబ్బరుని చీల్చేస్తుంది. గేజ్ పెట్టిన ప్రతిసారీ కొంచెం గాలి పోతుంది కాబట్టి కావాల్సినదానికంటే అర పీఎస్ఐ ఎక్కువ కొట్టి, తర్వాత చూసుకుంటూ తగ్గించండి.